రెండో పూట పొగ

గుడివాడలో బండి కదిలేటప్పటికి ఆబిదా ఇంకా ఆ మాట చెప్పలేదు. టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లు దిగుతూ చెప్పేద్దామనుకుంది, అప్పుడు శేషాచలం మాస్టారు తప్పులు దిద్దిన చోట సిరా ఆరిందో లేదోనని కాగితాలు ఊదుకుంటూ దిగుతున్నారు. స్టేషను దాకా నడుస్తూ చెప్పొచ్చుననుకుంది, ఆయన దారి పొడుగునా రేపు సహాయ సంఘం సభలో కాగితం చదివేటప్పుడు ఆమె ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో చెబుతూ నడిచారు. సరే, ప్లాట్‌ఫారం మీదైనా చెప్పి తీరాలనుకుంది. ఆయన వేయించిన వేరుశెనక్కాయలు కొని, సగం ఆమె దోసిట్లో పోసి, "తిను, ముఖం వాడిపోయింది," అన్నారు. అలా శెనక్కాయలు పోసిన మనిషితో, మన ఏడాది శ్రమంతా నీళ్ళపాలైందండీ అని ఏ నోటితో చెబుతారు? ఇంతలో గార్డు విజిలు వేశాడు, ఎవరో తట్టా బుట్టా తోసుకుంటూ ఎక్కారు, వాళ్ళ వెనకే వీళ్ళూ ఎక్కారు. ఇక మిగిలింది బందరు దాకా ఉన్న ఈ కాసేపే.

ఎదురు బల్ల మీద కిటికీ పక్కన ఆయన, ఇవతల ఆమె. ఆయన ఒళ్ళో ఖద్దరు సంచి, సంచిలో ఆ కాగితాలు. వాటి మీద ముందు ఆమె పేరు, దాని కింద ఆయన పేరు. శిష్యురాలి పేరు పైన వేసి తన పేరు కింద వేసుకున్న గైడుని ఆబిదా ఇంకెక్కడా చూడలేదు, యూనివర్సిటీలో ఎవరూ చూసి ఉండరు. కాగితాల్లో ఉన్నదేమో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నిరుడు ఉప్పెన ఊడ్చేసిన మడదిబ్బ, కోడూరు అవతల సముద్రం వైపున్న చిన్న పల్లెకారుల ఊరు, కోలుకుంది. ఉప్పెనకి ముందు అక్కడ చాలా ఇళ్ళలో పొయ్యి రోజుకి ఒక్క పూటే వెలిగేది, ఇప్పుడు ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ రెండు పూటలా వెలుగుతోంది. కనుక సహాయ సంఘం వారు వారం వారం పంచుతున్న బియ్యాన్ని వచ్చే నెల నుంచి ఆ ఊరికి ఆపి, ఇంకా కోలుకోని ఊళ్ళకి మళ్ళించవచ్చు. కనుక. రాసింది ఆబిదానే. నిన్న సాయంత్రం దాకా ఆ కనుకని నమ్మింది కూడా. ఉప్పెన రాకముందు ఆ ఊరి ఇళ్ళలో కూర్చుని లెక్క రాసుకున్న మనిషి ఈ జిల్లా మొత్తానికి తనొక్కతే కావడం, మళ్ళీ అవే గుమ్మాలకి, గుమ్మాలు మిగిలిన చోటికి, వెళ్ళి అదే ప్రశ్న అడగగలగడం గొప్ప అవకాశమని మాస్టారు అన్నప్పుడు, అవునండీ అంది. అవకాశం. ఎవరి ఇల్లు కూలితే ఎవరికి అవకాశమో, అప్పుడు ఆ మాట చెవికి తగల్లేదు, ఇప్పుడు ఈ చక్రాల చప్పుడులో అదే పనిగా తగులుతోంది.

ఆ ప్రశ్న మాస్టారిది. తొలిసారి ఊళ్ళ మీదికి పంపేటప్పుడు ఆయన క్లాసురూములో పాఠం చెప్పినట్టు కాకుండా, వంటింటి గడప మీద కూర్చుని మాట్లాడినట్టు చెప్పారు. "నీ ఆదాయం ఎంత అని పేదవాణ్ణి అడక్కూడదమ్మా. నిజం చెప్పడానికి సిగ్గు, అబద్ధం చెప్పడానికి భయం. ఆ రెంటి మధ్యా నోటికొచ్చింది చెప్తాడు, నువ్వు అది పట్టుకొచ్చి కూడికలు వేస్తావు. మీ ఇంట్లో పొయ్యి ఎన్ని పూటలు వెలుగుతుందని అడుగు. చాలు." ఏ పుస్తకంలోదండీ ఇది అంటే నవ్వి, "మా అక్కయ్యది," అన్నారు. అక్కయ్య వెంకటరత్నమ్మగారు చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి, తల్లి లేని తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. సాయంత్రం పెరట్లో నిలబడి ఇళ్ళ కప్పుల మీదుగా చూసి, ఇవాళ ఫలానా వాళ్ళింట పొయ్యి రాజలేదురా శేషూ, ఈ దోసకాయలు ఇచ్చిరా, అనేవారట. ఆవిడ ఉప్పెనలో పోయారు. దివిసీమలో ఏ గట్టు మీద పోయారో, ఎవరు పూడ్చారో, అసలు పూడ్చారో లేదో కూడా తెలియదు. మాస్టారు వెతికి వెతికి తిరిగొచ్చి, ముఖాన బొట్టు లేకుండా, గడ్డం మాసి, ఆపిన చోటు నుంచే పాఠం మొదలుపెట్టారు. ఆయన రాయి అన్నారు పిల్లలు. రాయి కాదని ఆబిదాకి తెలుసు. కొత్త ప్రశ్నావళిలో ప్రశ్నలన్నీ అటూ ఇటూ మార్చారుగానీ, పొయ్యి ప్రశ్న మాత్రం పైకి తెచ్చి మొదట పెట్టారు. ఆవిడ తాలూకు ఆయన దగ్గర మిగిలింది ఆ ఒక్క ప్రశ్నే. దాన్నీ తీసేసుకోవాలి ఇప్పుడు, శెనక్కాయలు తింటూ కూర్చుని.

గుడ్లవల్లేరు వచ్చింది, వెళ్ళింది. కిటికీ అవతల వరి పండి ఒరిగి ఉంది, ఎంత దూరం చూసినా అదే పసుపు, కోతలకి ఇంకా దిగలేదు. ఇక్కడికీ దివిసీమకీ ఎంతోదూరం లేదు, కానీ ఇక్కడి గాలికి ఏమీ జరగలేదు. మధ్య సీట్లో ఆవిడ పక్కావిడతో కార్తీక సోమవారాల సంగతి చెబుతోంది. ఉపవాసాలు. ఒక పూట తినకపోతే పుణ్యం వచ్చే ఇళ్ళు వేరు. ఇంజను పొగ ఒక్కసారి లోపలికి కమ్మింది, అందరూ కళ్ళు మూసుకున్నారు, మాస్టారు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని అలాగే నిద్రలోకి జారారు. ఆబిదా కళ్ళు మూసుకోలేదు. కంట్లో బొగ్గు నలుసు పడితే పడింది, నీళ్ళు కారడానికి అందరికీ కనిపించే కారణం ఒకటి దొరికింది.

నిన్న ఆమె మడదిబ్బ వెళ్ళనే అక్కర్లేదు. పట్టికలన్నీ అయిపోయాయి. ఒకటి రెండు ఇళ్ళ వివరాలు సరిచూసుకొస్తానని తనే పట్టుబట్టి వెళ్ళింది, బస్సు ఎక్కడో బురదలో కూరుకుపోయింది, తిరిగొచ్చే బస్సు అందలేదు. సర్వేలో ఎరిగిన చిట్టెమ్మ పిన్ని ఇంట్లో రాత్రికి ఉండిపోయింది, పొద్దున తిన్నగా గుడివాడ వచ్చింది. చిట్టెమ్మకి ఉప్పెన ముందు వేరే ఇల్లు, వేరే మొగుడు, ఒక కూతురు. ఇప్పుడు ఆమె ఉంటున్నది వెంకటాద్రితో, అతనికీ అప్పట్లో వేరే ఇల్లు, పెళ్ళాం, బిడ్డలు. ఊరంతా అంతే, మిగిలినవాళ్ళు మిగిలినవాళ్ళని పట్టుకుని సంఘం కట్టిచ్చిన సిమెంటు గదుల్లో మళ్ళీ ఇళ్ళు అనిపించుకున్నారు. పొద్దు వాలుతుంటే చిట్టెమ్మ మడ అడవిలో ఏరిన మడకట్టెలు విరిచి పొయ్యి రాజేసింది, కుండ పెట్టింది, మూత వేసింది. వెంకటాద్రి వల బాగు చేసుకుంటూ బయట కూర్చున్నాడు. ఆ కట్టె పొగ ఉప్పగా, ఘాటుగా ఉంటుంది, గదంతా నిండింది. ఆబిదా కబుర్లు చెబుతోంది, ఇంట్లో అబ్బా చేసే అద్దకం పని గురించి, అమ్మీ మోకాళ్ళ నొప్పుల గురించి, చెబుతూ చెబుతూ ఎప్పుడో గమనించింది, కుండ పొంగడం లేదు. ఎసరు మరుగుతోంది, మరుగుతూనే ఉంది, గంజి నురగ మూతని ఎత్తుకుని పైకి రాలేదు. మూత మాత్రం టకటకటకమని ఒకటే చప్పుడు. బియ్యం ఉన్న కుండ అలా మోగదు. ఆడపిల్లలకి ఎవరూ నేర్పకుండానే తెలిసే విషయం అది. ఆబిదా మూత తీయలేదు. పరాయి ఇంట్లో కుండ మీద మూత తీయడం అంటే ఆ ఇంటి ఆడదాని పైట మీద చెయ్యి వేయడమే. సర్వేకి వెళ్ళిన ఏ ఇంట్లోనూ ఆమె ఆ పని చేయలేదు, మాస్టారు చేయమని చెప్పనూ లేదు. అందుకే అడగడం. చెప్పింది రాసుకోవడం.

చీకటి పడేవేళకి చిట్టెమ్మ కుండ దించి మూలకి పెట్టి, పొద్దుటి అన్నం ఇంత ఉంటే ఆకులో పెట్టి ఆబిదా ముందు జరిపింది. "మరి అది ఉడికిందిగా పిన్నీ," అంది ఆబిదా. తెలిసే అంది. ఆ అడిగిన పాపం తనదే.

"అందులో ఏవుందమ్మా, నీళ్ళు," అంది చిట్టెమ్మ.

"మరి పొయ్యి ఎందుకు?"

"పొగ రావాలిగా." ఆ మాట అని చిట్టెమ్మ చాలాసేపు పుల్లతో బూడిద కెలికింది. తర్వాత చెప్పింది, ఎవరికో జరిగినట్టు చెప్పింది. నీళ్ళు తీశాక తనూ కూతురూ దిబ్బ మీద మిగిలారు. పిల్ల బతికే ఉంది. పడవలొచ్చాయి, మంచినీళ్ళతో, అన్నం పొట్లాలతో. ఎక్కడికి పోవాలో వాళ్ళకేం తెలుసు, అంతా ఒకటే బురద. పొగ లేచిన దిక్కుకల్లా పోయారు. పొగుంటే మనుషులున్నట్టు. ఇక్కడ ఎండు పుల్ల లేదు, అగ్గిపెట్టె లేదు. "చెయ్యి ఊపుతానే ఉన్నా. నన్ను చూడకుండానే అటు మళ్ళిపోయింది పడవ. మర్నాడొచ్చారు. అప్పటికి పిల్ల అయిపోయింది." అప్పటి నుంచీ ఆ ఊళ్ళో సాయంత్రం పూట ఏ పొయ్యీ చల్లగా ఉండదు. బియ్యం ఒక పూటకే వస్తాయి, రెండో పూట నీళ్ళు. పక్కింటి కుండలో ఏముందో చిట్టెమ్మ అడగదు, ఈ కుండలో ఏముందో వాళ్ళూ అడగరు.

"నువ్వు వచ్చి అడిగావు, పొయ్యి రెండు పూటలా వెలుగుద్దా అని. వెలుగుద్దన్నా. అబద్ధం చెప్పలేదుగా నేను," అంది చిట్టెమ్మ. లేదు పిన్నీ, అంది ఆబిదా. సంఘం వాళ్ళకి ఈ సంగతి చెబుతాను, అని కూడా అంది, తెలివితక్కువది. చిట్టెమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "చెప్పకు. మూతలు తీయిస్తారు. బియ్యానికి వరసలో నిలబెట్టారు, నిలబడ్డాం. ఈ మూత ఒకటి ఉండనీ మాకు. పోయిన నా పిల్ల మీద ఒట్టెయ్యి." ఆబిదా చేతిలో చెయ్యి వేసింది. ఆ పిల్లని ఆమె ఎరుగును. ఉప్పెనకి ముందు సర్వేలో, పక్కన గొంతుక్కూర్చుని, నా పేరు కూడా రాయవా అని అడిగిన పిల్ల. రాసింది.

కవుతరం. కాఫీ కాఫీ అని ఒక కేక కిటికీ వెంబడి పరుగెత్తి ఆగిపోయింది. మాస్టారు కళ్ళు తెరిచి, ఏ వూరు, అని ఆమె చెప్పేలోపే మళ్ళీ మూసుకున్నారు. ఇప్పుడు చెప్పొచ్చు. పేరు చెప్పకుండా, ఒక ఇంట్లో ఇలా చూశానండీ, అనొచ్చు. ఆయన లేచి కూర్చుంటారు, ఏ ఇల్లు అంటారు, ఒక్క ఇల్లేనా అంటారు, ఒక్క ఇంటిని బట్టి ఊరి మాట చెప్పకూడదని ఆయన నేర్పిందే. మిగతా ఇళ్ళ సంగతి తేలాలంటే చూడాలి. ఎవరు చూస్తారు? సంఘం కార్యదర్శి ధర్మారావుగారు చూస్తారు. ఆయన చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. ఉయ్యూరు నుంచి సొంత లారీల్లో బియ్యం తోలుకొచ్చాడు, మోకాటి లోతు బురదలో దిగి శవాలు మోశాడు. కానీ ఒక పైసా పక్కదారి పడితే నిద్రపట్టని మనిషి. ఇంకో ఊళ్ళో ఎవరో బియ్యం దాస్తున్నారని తెలిసి, ఇళ్ళలో కుండలన్నీ వీధిలోకి తెప్పించి ఒక్కొక్కటీ మూత తీయించాడు. దాచినవాళ్ళు దొరికారు. దొరకనివాళ్ళ కుండలూ అందరూ చూశారు. ఒక ముసలామె పైట చెంగు ముఖం మీదికి లాక్కుని ఆ పొద్దంతా అలాగే వీధిలో కూర్చుండిపోయింది. ఆబిదా కళ్ళారా చూసింది. రేపు సభలో తను నోరు విప్పితే, ఎల్లుండి మడదిబ్బలో చిట్టెమ్మ కుండ వీధిలో ఉంటుంది.

విప్పకపోతే? విప్పకపోతే బియ్యం ఆగుతాయి. మొదటి పూట కూడా నీళ్ళే మరుగుతాయి. అప్పుడు ఇంకెవరో పరిశోధక విద్యార్థిని ప్రశ్నావళి పట్టుకుని వెళ్ళి, పొయ్యి ఎన్ని పూటలండీ అని అడుగుతుంది, రెండు పూటలమ్మా అంటారు, నిజమే చెబుతారు, ఆ పిల్ల రెండు అని రాసుకుంటుంది. బియ్యం ఆపినా ఊరు బాగానే ఉందని ఇంకొక వ్యాసం వస్తుంది. ఆ ఊళ్ళో ఆఖరి మనిషి దాకా రెండు పూటలా పొగ వస్తూనే ఉంటుంది. యా అల్లా, ఏదో ఒక దారి చూపించు, చెప్పకుండా చెప్పే దారి, ఆ మూత తీయకుండా ఈ లెక్క చెరిపే దారి. ఎంత వేడుకున్నా బండి తన మానాన తను పోతోంది, వడ్లమన్నాడు స్టేషను దగ్గర పడుతోంది, ఆయన హాయిగా నిద్రపోతున్నారు, పెదవి చివర శెనక్కాయ పొట్టు అంటుకుని ఉంది. ఈయన మీద కోపం రావాలి. రావడం లేదు. కోపం వస్తే ఎంత బాగుండును.

లెక్క చెరపాలంటే ఒక్కటే మార్గం, లెక్క రాసినవాళ్ళు దొంగలని తేలడం. ఆ ఆలోచన ఎప్పుడు వచ్చిందో తెలియదు, వచ్చి పక్కన కూర్చుంది, ఇక లేవలేదు. మాస్టారి భాషలో దాన్ని కాఫీ హోటల్ సర్వే అంటారు. బుచ్చిబాబు చేశాడది, ఆబిదా కంటే ముందు ఆయన దగ్గర చేరినవాడు, తెలివైనవాడు. అవనిగడ్డ హోటల్లో ఫ్యాను కింద కూర్చుని, వెళ్ళని ఇళ్ళకి వెళ్ళినట్టు, అడగని మనుషులు చెప్పినట్టు అన్నీ నింపుకొచ్చాడు. మాస్టారు క్లాసు ముందు వాటిని చింపి, "ఇందులో మనుషులు లేరు," అన్నారు, అంతే. బుచ్చిబాబు మళ్ళీ ఏ కాలేజీ గుమ్మమూ ఎక్కలేకపోయాడు, ఇప్పటికీ ఆ పేరు ఎవరైనా ఎత్తితే మాస్టారు లేచి వెళ్ళిపోతారు. తను బుచ్చిబాబు కావాలి. మడదిబ్బ వెళ్ళలేదండీ, బందరులో మా ఇంట్లో కూర్చుని రెండు రెండు అని రాసేశానండీ, అనాలి. అంటే ఆ పట్టికలన్నీ చెల్లవు. చెల్లకపోతే ఆ కనుక ఉండదు. మళ్ళీ సర్వే జరిగేదాకా బియ్యం ఆగవు. ఎవరి మూతా ఎవరూ తీయరు, తప్పంతా తన దగ్గరే ఆగిపోతుంది. ఎంత సుళువు. ఆ తర్వాత చదువు ఉండదు, లెక్చరరు ఉద్యోగం ఉండదు, ఈయన మొహం చూడటం ఉండదు.

పెడన వచ్చేసరికి గాలిలో రంగుల వాసన. అద్దకం బట్టలు కాలవ గట్టున ఆరేసి ఉన్నాయి, ఎరుపూ నలుపూ పువ్వులు, వాలుపొద్దు వెలుగులో తడిగా. అబ్బా గుర్తొచ్చాడు. అబ్దుల్ గఫార్ బందరులో అద్దకం పనివాడు, గోళ్ళ సందుల్లో ఏ పండక్కీ వదలని కరక్కాయ నలుపు. ఆయన దగ్గరికి మాస్టారే నడిచి వచ్చారు, చెక్క అచ్చుల మధ్య పీట మీద కూర్చున్నారు. "మీ అమ్మాయిని పై చదువుకి నా దగ్గర వదలండి సాయిబుగారూ," అన్నారు. అబ్బా చేతిలో అచ్చు దించలేదు. ఊళ్ళు పట్టుకు తిరిగితే జనం ఏమంటారు మాస్టారూ, అన్నాడు. లెక్క రాయడానికి వెళ్ళిందంటారు, అన్నారు మాస్టారు. అబ్బా అచ్చు మీద చెయ్యి ఆనించి ఒక్కసారి గట్టిగా నొక్కి, తీసి, పువ్వు సరిగ్గా పడిందో లేదో చూసుకుని, అప్పుడు అడిగాడు, "అబద్ధాలు రాయదు గదా నా పిల్ల?" మాస్టారు నవ్వలేదు. "రాయదు. దానికి నాది పూచీ," అన్నారు. ఇద్దరూ టీలు తాగారు. అమ్మీ తలుపు చాటు నుంచి ఆ మాట విని ఏడ్చింది. రేపటికి ఆ పూచీ పోతుంది. పేట అంతా చెప్పుకుంటుంది, గఫార్ కూతురు దొంగ లెక్కలు రాసి పట్టుబడిందట. అబ్బా ఎవరితోనూ ఏమీ అనడు. పనిలోకి వెళ్తాడు, అచ్చు తీస్తాడు, చూసుకుంటాడు. ఆబిదాకి ఇక భరించడం చేతకాలేదు. కిటికీ చువ్వకి నుదురు ఆనించి వెక్కింది, చప్పుడు రాకుండా, ఎదురుగా కార్తీక సోమవారం ఆవిడ చూసి చూడనట్టు పక్కకి తిరిగేదాకా.

చిలకలపూడి ఇంకా రాలేదు. ఇప్పుడు కాకపోతే ఇక లేదు. "మాస్టారూ," అంది. ఆయన ఉలిక్కిపడి లేచారు, వచ్చేశామా, అంటూ సంచి తడుముకున్నారు. "నేను మడదిబ్బ వెళ్ళలేదండీ. ఈసారి సర్వే చేయలేదు. మా ఇంట్లో కూర్చుని రాసేశాను. అన్నీ." ఒక్క గుక్కలో అంది. అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు అబద్ధం. ఆయన ముఖం అప్పుడు మారింది. కోపం కాదు. ఏదో దెబ్బ తగిలి, ఎక్కడ తగిలిందో ఇంకా తెలియని మనిషి ముఖం. బుచ్చిబాబు విషయంలో లేచి వెళ్ళిపోయినట్టు లేచి వెళ్ళిపోతారనుకుంది, కానీ కదిలే బండిలో ఎక్కడికి వెళ్తారు.

"చిట్టెమ్మ ఇంటికీ వెళ్ళలేదా," అన్నారు చివరికి.

"లేదండీ."

"నిన్న కూడా?"

"లేదండీ."

ఆయన కొంచెం ముందుకి వంగారు. "నేను పుట్టింది ఆ గాలిలోనమ్మా. గుడివాడలో నువ్వు మెట్లు దిగిన దగ్గర్నుంచీ నీ చీరకి మడకట్టెల పొగ వాసన వస్తూనే ఉంది. ఎన్నాళ్ళయిందో ఆ వాసన తగిలి. అందుకే నిద్ర పట్టింది నాకు." ఆబిదా తల దించుకుంది. పైట చెంగు తనకి తెలియకుండానే గుప్పిట్లోకి నలిపేసుకుంది. ఇక దాచడానికి ఏముంది, చెప్పడానికి మాత్రం నోరెక్కడిది, ఒట్టు అడ్డం ఉంది. ఆయన కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు, తాటిచెట్లు ఒక్కొక్కటీ వెనక్కి పోతున్నాయి. ఎప్పుడో మెల్లిగా అన్నారు, ఆమెతో అన్నట్టు కూడా లేదు, "కుండ పొంగలేదా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"మూత చప్పుడు చేస్తూనే ఉందా?"

అవునని అనలేదు ఆబిదా. ఒట్టు తప్పలేదు. కళ్ళ వెంట నీళ్ళు మాత్రం ఆగలేదు, వాటి మీద ఎవరూ ఒట్టు వేయించుకోలేదు. ఆయన తల ఆడించారు. సంచిలోంచి కాగితాలు తీసి, ఒళ్ళో పెట్టుకుని, పైన ఆమె పేరు ఉన్న చోట బొటనవేలితో మెల్లగా రుద్దారు, మట్టి అంటుకుంటే తుడిచినట్టు. "మా అక్కయ్య ఇళ్ళన్నీ చూసి చెప్పేది. మా ఇంటి మీద పొగ మాత్రం ఎప్పుడూ ఉండేది," అన్నారు. చిలకలపూడి వచ్చింది, వెళ్ళింది. ఆబిదాకి అప్పుడు అర్థమైంది, తన ప్రాణం పోయినంత పనయింది, ఈయన చిన్నప్పుడు ఎన్నో సాయంత్రాలు అదే మూత చప్పుడు వింటూ ఆకలితో కూర్చున్నారు.

బందరు స్టేషనులో ధర్మారావుగారు స్వయంగా వచ్చారు, పక్కన ఇద్దరు, చేతిలో బంతిపూల దండ. బండి ఆగీ ఆగకముందే పెట్టె దగ్గరికి వచ్చి, "రండి మాస్టారూ, రండి. రెండు పూటలా అట గదా. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు కాలు నిలవడం లేదండీ. మన కష్టం ఊరికే పోలేదు," అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి, అవి నిజం నీళ్ళు. దండ ఎత్తాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆబిదాకి కుండ సంగతి చెప్పేస్తారని భయం, చెప్పకుండా ఊరుకుంటారని భయం. ఏది ఎక్కువో తనకే తెలియలేదు.

"ఆ కాగితం చెల్లదండీ ధర్మారావుగారూ," అన్నారు మాస్టారు. గొంతు క్లాసులో పలికినట్టే పలికింది, ప్లాట్‌ఫారం మీద నలుగురూ తిరిగి చూశారు. "మా అమ్మాయి ఊరు వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని దొంగ లెక్క రాసింది. నేను సరిచూసుకోలేదు, తప్పు నాదీ ఉంది. మళ్ళీ సర్వే జరిగేదాకా మడదిబ్బకి బియ్యం ఆపడానికి వీల్లేదు. ఈసారి ప్రశ్న నేను మారుస్తాను."

దండ అలాగే ఉండిపోయింది ధర్మారావుగారి చేతుల్లో. అతను ఆబిదా వైపు చూశాడు, పైనుంచి కిందిదాకా, మరో ఊళ్ళో మూతలు తీయించినప్పుడు బియ్యం దొరికిన ఇంటి వాళ్ళని చూసినట్టు చూశాడు. "వీళ్ళనా మాస్టారూ మీరు నమ్మింది," అన్నాడు. మాస్టారు ఆ మాటకి అడ్డు చెప్పలేదు. చెప్తే అంతా బయటపడుతుంది. ఆమె వైపు ఒక్కసారి కూడా తిరగలేదు, వెనక చేతిలో ఖద్దరు సంచి మూతిని మాత్రం మెలిపెట్టి పట్టుకున్నారు, అది ఆబిదాకి ఒక్కదానికే కనిపించింది. స్టేషను బయట రిక్షాల వాళ్ళలో తమ పేట వాళ్ళున్నారు, విన్నారు, ఇంటికి తన కంటే ముందే వెళ్తుంది వార్త. ఆబిదా పైట భుజం నిండా కప్పుకుంది. అందులో ఆ వాసన ఇంకా ఉంది. ఈ వేళకి అక్కడ పొయ్యిలు రాజేసి ఉంటారు. ఊరంతా కప్పుల మీద పొగ లేచి ఉంటుంది, ఎంత దూరం నుంచి చూసేవాళ్ళకైనా అక్కడ మనుషులున్నారని తెలుస్తుంది.